వంగని రెక్క

నియమం ఒక్కటి కూడా తప్పని మనిషి పాపం చేసినట్టా, చేయనట్టా?

ఈ సందేహం నిదానం గారిని చాలా ఏళ్లుగా పట్టుకుని ఉంది. పోలీసు ఉద్యోగంలో ఉండగా ఒక పడవ మునిగిన కేసు వచ్చింది. పడవ యజమాని దగ్గర అన్ని అనుమతులూ ఉన్నాయి. ఎక్కించుకోవాల్సినంత మందినే ఎక్కించుకున్నాడు, కట్టాల్సిన తాళ్లన్నీ కట్టాడు. కోర్టు అతన్ని వదిలేసింది. అన్నీ సక్రమంగానే ఉన్నాయి, మునిగిపోయినవాళ్లు తప్ప.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే దీపం వెలిగించి, ఇంటిల్లిపాదికీ మంచి జరగాలని కోరుకున్నాక, చివర్లో ఈ ప్రశ్న కూడా దేవుడి ముందు పెట్టడం ఆయనకి అలవాటైపోయింది. జవాబు రాదు. రాకపోయినా అడగడం మానలేదు.

"మీరు అడిగే తీరు చూసి విచారణకి పిలుస్తున్నారనుకుంటాడండీ దేవుడు. అందుకే రావట్లేదు" అంటుంది ఆయన భార్య.

ఒకరోజు పొద్దున ఆయన ఒక స్పోర్ట్స్ కార్ల కంపెనీ వర్క్‌షాపులో అడుగుపెట్టేసరికి గుమ్మంలోనే ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు. ఒకప్పుడు ఈయన కిందే పని నేర్చుకున్న కుర్రాడు. నిదానం అనే పేరు పెట్టింది కూడా అతనే. ఇప్పుడు ఆయన అసలు పేరు ఆయన భార్యకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

"రండి గురువుగారూ. ప్రైవేటు డిటెక్టివులకి ఇక్కడేం పనో నాకు అర్థం కాలేదు గానీ, వచ్చారు కదా, కూర్చోండి. మధ్యాహ్నం ఆ మెకానిక్కుని కోర్టుకి తీసుకెళ్తున్నాను. ఆలోపు మీరు చూడాల్సింది చూసేయండి. మీ లెక్కన ఒక గుమ్మం దాటడానికే అంత టైం పడుతుంది."

"వాడి అక్క నిన్న రాత్రంతా మా వంటింట్లో కూర్చుని ఏడ్చిందయ్యా. మా ఆవిడ నన్ను పొద్దున్నే బయటికి తోసింది. చూడకుండా వెళ్తే ఇంట్లోకి రానివ్వదు."

"ఒప్పుకున్నాడు గురువుగారూ. నేను చెయ్యి కూడా వేయలేదు. వాడే ఒప్పుకున్నాడు."

ఇన్‌స్పెక్టర్ చెప్పిన కథ ఇది. రెండు రోజుల కిందట కంపెనీ సొంత ట్రాక్ మీద ఒక స్పోర్ట్స్ కారు గోడకి గుద్దుకుంది. నడుపుతున్నది రేసింగ్ సంఘం తనిఖీదారు. రేసుల్లో పాల్గొనే ప్రతి కారునీ కొలిచి, తూచి, నియమాలకి సరిపోతుందో లేదో తేల్చే ముసలాయన. తూకం మాస్టారు అంటారు అందరూ. ఆ పొద్దున చెప్పాపెట్టకుండా వచ్చి షోరూం కారు తాళాలు అడిగాడు. మూడో రౌండులో, కారు మంచి వేగం మీద ఉండగా, వెనక రెక్క ఊడిపోయింది. కారుని నేలకి అదిమి పట్టుకునేది ఆ రెక్కే. అది పోయిన కారు మలుపులో గిర్రున తిరిగింది. మాస్టారు అక్కడికక్కడే పోయారు.

ముందురోజు సాయంత్రం ఆ రెక్కని విప్పి, తుడిచి, మళ్లీ బిగించింది ఒకే ఒక్క మెకానిక్. బోల్టుని ఎంత బలంగా తిప్పాలో కొలిచి చూపించే టార్కు స్పానర్ చేతిలో లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు కాబట్టి టార్కు అని పేరు పడింది.

"పగ కూడా ఉంది. వీడు ఒకప్పుడు కంపెనీ రేసు టీములో పెద్ద మెకానిక్. పోయిన ఏడాది మాస్టారు దగ్గరికెళ్లి 'మా కారు రెక్క వంగుతోంది సార్, అది మోసం' అని చెప్పాడు. రెక్క కదలకూడదని నియమం. మాస్టారు వచ్చి తన బరువులు వేలాడదీసి చూశారు. వంగలేదు. అందరి ముందూ వీణ్ణి అబద్ధాలకోరు అన్నారు. కంపెనీ వీణ్ణి తీసేయలేదు. తీసేస్తే నిజమనుకుంటారు కదా! షోరూం కార్లు కడగమన్నారు. అంత పనివాడి చేతికి తడిగుడ్డ ఇస్తే కడుపు మండదా?"

"మండుతుంది. కడుపు మండినవాడు గుడ్డ విసిరికొడతాడు. బోల్టు వదులు చేస్తాడా?"

"అది మీరు దేవుణ్ణి అడిగి చెప్పండి" అని ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

టార్కుని సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. చేతులకి బేడీలు. నిదానం గారు ఎదురుగా ఒక ఖాళీ డ్రమ్ము తిరగేసి కూర్చున్నారు.

"బాబూ, మీ అక్క పంపింది నన్ను. బోల్టులు నువ్వు వదిలేశావా?"

"తెలీదు సార్."

"ఒప్పుకున్నావట కదా?"

"రెక్క నేను బిగించాను. అది ఊడింది. ఆయన పోయారు. ఇంకేం కావాలి సార్? రెండు రాత్రులుగా అదే తలుచుకుంటున్నాను. ఎడమ వైపు బిగించినట్టే గుర్తుంది, బిగించనట్టూ గుర్తుంది. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. నమ్మకం పోయాక ఈ చేతులు ఎక్కడుంటే ఏం?"

"మాస్టారి మీద కోపం ఉందా?"

"ఉంది సార్. అబద్ధం ఆడను." అతను తల ఎత్తలేదు. "ఆ పొద్దున నన్ను చూసి ఏదో చెప్పబోయారు. 'తాళాలు కావాలి' అని మాత్రం అన్నారు. కారెక్కి, నన్ను ట్రాక్ పక్కన నిలబడమన్నారు. నిలబడ్డాను. చెయ్యి ఊపారు. నేను ఊపలేదు."

"అక్కడ నిలబడేవాడికి చెవులకి రేడియో ఉంటుంది కదా, డ్రైవరు మాట వినిపించడానికి?"

"రేసు టీములో వాళ్లకి ఇస్తారు సార్. కార్లు కడిగేవాడికి దేనికి?"

నిదానం గారు లేచి అతని భుజం మీద చెయ్యి వేశారు.

కారు ఒక మూల షెడ్డులో టార్పాలిను కింద ఉంది. మాస్టార్ని బయటికి తీసింది కూడా తన మనుషులేననీ, ఆ వెంటనే దాన్ని కప్పించి కాపలా పెట్టించాననీ, తాను తప్ప ఇంకెవరూ తొంగిచూడలేదనీ ఇన్‌స్పెక్టర్ గర్వంగా చెప్పి టార్పాలిను లాగాడు.

పసుపు రంగు కారు. ముందు భాగం నుజ్జు. నిదానం గారు ముందు లోపలికి చూశారు. సీటు, స్టీరింగు, పగిలిన గాజు. వెనకవైపు చూసే అద్దం మాత్రం పగలకుండా ఉంది. ఆయన మోకాళ్ల మీద వంగి, డ్రైవరు తల ఉండేచోట తన తల పెట్టి అద్దంలోకి చూశారు. వెనక రోడ్డు కనపడాలి. కనపడలేదు. రెక్క ఉండాల్సిన చోటు కనిపించింది, సరిగ్గా మధ్యలో.

"గుద్దుడికి తిరిగిపోయి ఉంటుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నువ్వు తిప్పి చూడు."

ఇన్‌స్పెక్టర్ వేలితో నెట్టాడు. కదల్లేదు. రెండు చేతులూ పెట్టి తిప్పితే కిర్రుమని కొంచెం జరిగింది.

"ఇంత గట్టిగా ఉన్నది తనంతట తాను తిరిగి, సరిగ్గా అక్కడికే గురిపెట్టి ఆగిందంటావా?"

"ముసలాయనకి అలవాటేమో. మీరు బోల్టులు చూడండి, కేసు అక్కడుంది."

రెక్కని రెండు లోహపు కాళ్లు మోస్తాయి. ఒక్కో కాలి అడుగున నాలుగేసి బోల్టులు. ముందు పోయింది ఎడమ కాలు; కుడిది ఆ లాగుడుకి రేకుతో సహా పీక్కుపోయింది. ఎడమ కాలి బోల్టులు నాలుగూ కారుకే ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. ప్రతి బోల్టు తల మీదనుంచి పక్కనున్న రేకు మీదికి ఒక తెల్ల రంగు గీత. బిగించాక మెకానిక్కులు గీసే గీత అది. బోల్టు తర్వాత వెంట్రుకంత తిరిగినా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. నాలుగు గీతలూ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"గీత గీసి బిగించకుండా వదిలేసి ఉండొచ్చు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"వదులుగా ఉంటే మూడు రౌండ్ల కుదుపుకి తిరగవూ? గీతలు విరగవూ? బోల్టులు పట్టుకునే ఉన్నాయయ్యా. పట్టు వదిలింది కాలు."

కాలు జానెడు ఎత్తున విరిగింది. నిదానం గారు కళ్లజోడు తీసి భూతద్దంలా పట్టుకున్నారు. విరిగిన చోట కొంత భాగం కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. మిగతాదంతా మసిబారి ఉంది. ఆ మసి మీద నీటిలో రాయి వేస్తే లేచే అలల్లాగా సన్నని చారలు, ఒకదాని పక్కన ఒకటి. తళతళలాడేది మొన్న విరిగిన భాగం. మసిబారినది ఎన్నో నెలలుగా, ప్రయాణానికి కాస్త చొప్పున చీలుతూ వచ్చిన భాగం.

ఇంకో సంగతి కూడా ఉంది. బయటికి ఒకే కడ్డీలా కనిపించే ఆ కాలు లోపల రెండు రేకులు. మధ్యలో సన్నని సందు.

"ఈ కాలి డిజైను ఎవరు గీశారు?" అన్నారు నిదానం గారు.

డిజైనరమ్మ గది ట్రాక్‌కి దూరంగా, మేడ మీద ఉంది. మందపాటి అద్దాల కిటికీలు, మూసిన తలుపులు. కింద ఇంజిన్లు అరుస్తున్నా లోపల గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. బల్ల మీద చెవులకి పెట్టుకునే రేడియో ఒకటి, ట్రాక్ మీద తిరిగే కార్లలోవాళ్ల మాట వినడానికి. ఆమెకి నలభై దాటి ఉంటాయి. రెండు రోజులుగా నిద్రలేని కళ్లు. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గరే ఆగిపోయి ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

"కూర్చోండి. నాకు తెలిసింది చెప్తాను."

"ఈ కారు గురించి చెప్పండమ్మా. నాకు సైకిలే సరిగ్గా రాదు."

ఆమె గోడమీది బొమ్మ వైపు చూసింది. "ఈ కారుని నేను గీశానంటారు. అది అబద్ధమండీ. రేసు నియమాలు గీశాయి. అవి వదిలేసిన జాగాలో నేను నాలుగు గీతలు గీసుకున్నాను, అంతే. కప్పు మీద ఆ బుడిపె చూశారా? అందరూ అందం అంటారు. హెల్మెట్టుకీ కప్పుకీ మధ్య ఇంత జాగా ఉండాలని నియమం. కప్పంతా ఎత్తు పెంచితే గాలి అడ్డుపడుతుంది, అందుకని తలకాయ ఉన్నచోట మాత్రమే పెంచాను. వెనక డిక్కీ ఉండాలని ఇంకో నియమం, ఒక సూట్‌కేసు పట్టాలట. పడుతుంది. పక్కనే ఉన్న ఇంజిను వేడికి లోపలి బట్టలు ఇస్త్రీ అయి వస్తాయి."

నిదానం గారు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ఇవన్నీ రేసు కారు నియమాలు కదమ్మా. జనం కొనుక్కునే కారుకి ఎందుకు?"

"రేసులో వాడే ప్రతి భాగమూ జనానికి అమ్మే కారులో కూడా ఉండాలి. అలా కనీసం యాభై కార్లు అమ్మాలి. అప్పుడే దాన్ని రేసులోకి రానిస్తారు. డబ్బున్న టీములు రాకెట్లు కట్టి తీసుకురాకుండా పెట్టిన నియమం. మంచిదే."

"రెక్క కాలు కూడా అలాగే వచ్చిందన్నమాట. అది ఎందుకు రెండు రేకులుగా ఉంది?"

ఆమె బొమ్మ మీదనుంచి చూపు తిప్పుకుంది.

"రెక్క కదలకూడదని నియమం. కదలని వస్తువు ప్రపంచంలో లేదండీ. అందుకని ఒక పరీక్ష పెట్టారు. రెక్కకి రెండు ఇసుక సంచులు వేలాడదీస్తారు. వేలి మందం కంటే కిందికి దిగకపోతే, వంగనట్టే. నా కాలు ఆ రెండు సంచుల బరువు దాకా ఒకే కడ్డీలా నిలబడుతుంది. బరువు అది దాటితే రేకులు ఒకదాని మీద ఒకటి జారతాయి. రెక్క వెనక్కి వాలుతుంది. గాలి అడ్డు తగ్గుతుంది, కారు వేగం పెరుగుతుంది. మలుపు దగ్గర నెమ్మదిస్తే మళ్లీ లేచి నిలబడుతుంది."

"అంటే టార్కు చెప్పింది నిజం."

"నిజం కాదు. నియమం ప్రకారం ఆ రెక్క వంగదు."

"వేగంలో గాలి ఎంత బరువు వేస్తుందమ్మా?"

"పది సంచులు. ఇంకా ఎక్కువే."

"మరి పరీక్ష రెండు సంచులతోనే ఎందుకు పెట్టారు?"

"మాస్టార్ని నేనూ అదే అడిగాను" అంది ఆమె. "మొదట్లో నాలుగు ఉండేవట. వ్యాను నుంచి ఆయనే మోసుకురావాలి. నడుము పట్టేసిన ఏడాది రెండుకి తగ్గించారు. 'నా నడుము ఇంతే మోస్తుందమ్మా' అన్నారు నవ్వుతూ. అది అలాగే నియమమైపోయింది. నేను ఆ నడుముకి సరిపోయే రెక్క గీశాను."

గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టర్ ఫోను జేబులో పెట్టేశాడు.

"రేకులు అలా జారుతూ ఉంటే అరిగి చీలవా?"

"చీలతాయి. అందుకే రేసు కారుకి ప్రతి రేసు తర్వాతా కొత్త కాళ్లు వేస్తాం."

"కొనుక్కున్నవాళ్ల కార్లకి?"

"అదే భాగం ఉండాలని నియమం ఉంది. మార్చాలని నియమం లేదు. మార్చమని మేం చెప్తే ఎందుకని అడుగుతారు. వంగుతుందని చెప్పాలి. చెప్తే రెండేళ్లలో గెలిచిన రేసులన్నీ పోతాయి. మా యజమాని ఒప్పుకోరు. అసలు రోడ్డు మీద అంత వేగం ఎవరు పోతారులే అనుకున్నాను." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఆయన పోతారనుకోలేదు. ఆ వయసులో అద్దం రెక్క మీదికి తిప్పుకుని, రోడ్డు కూడా చూడకుండా..."

గడియారం కొట్టుకుంటోంది.

"అద్దం సంగతి మీకెవరు చెప్పారమ్మా?" అన్నారు నిదానం గారు, చాలా మెల్లగా.

ఆమె కిటికీ వైపు చూసింది.

"మాస్టార్ని బయటికి తీసినప్పటి నుంచి ఆ కారు టార్పాలిను కింద ఉంది. మా ఇన్‌స్పెక్టర్ తప్ప ఎవరూ చూడలేదు. చూసిన ఆయన కూడా దాన్ని లెక్కలో వేసుకోలేదు. ఈ గదిలోంచి ట్రాక్ కనపడదు. వినపడేది ఒకటే ఉంది." ఆయన బల్లమీది రేడియో వైపు చూశారు. "మాస్టారు మాట్లాడారు కదూ?"

ఆమె రేడియోని దూరంగా నెట్టింది, వేడి వస్తువుని నెట్టినట్టు.

"టార్కు వింటున్నాడనుకున్నారు ఆయన. ట్రాక్ పక్కన నిలబడ్డవాడికి రేడియో ఉంటుందని ఆయన నమ్మకం. నేనొక్కదాన్నే విన్నాను."

"ఏమన్నారు?"

"రెండో రౌండులో అన్నారు. 'టార్కూ, అద్దం రెక్క మీదికి తిప్పానయ్యా. వంగుతోంది. నువ్వు చెప్పింది నిజమే. నలుగురిలో నిన్ను అబద్ధాలకోరన్నాను, తప్పు నాది.' ఆ తర్వాత, 'ఇంకొక్క రౌండు తిరిగి కళ్లారా చూసి వచ్చేస్తా' అన్నారు."

"ఇంకొక్క రౌండు" అన్నారు నిదానం గారు.

"నా వేలు రేడియోలో మాట్లాడే బటన్ మీదే ఉంది. ఆ కారు రెండేళ్లుగా షోరూంది, కాళ్లు ఎప్పుడూ మార్చలేదని నాకు తెలుసు. 'ఆపండి' అంటే చాలు. ఆపండి అంటే ఎందుకు అంటారు. ఎందుకో చెప్పాలి. ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. రౌండు పూర్తయిపోయింది."

తర్వాత ఆమే అంది, కళ్లు తుడుచుకోకుండానే: "రికార్డు లేదు. కోర్టులో నేను కాదంటే కాదు. కాదనను లెండి. కానీ నేను ఏ నియమం తప్పానో మీ ఇద్దరూ వెతికి చెప్పండి. నాకు దొరకలేదు."

నిదానం గారు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగారు.

"ఏ సెక్షన్ పెట్టను గురువుగారూ?" అన్నాడు అతను. ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు. "పలకనందుకు సెక్షన్ ఉందా?"

"నాకు తెలీదయ్యా. అమ్మిన కార్లు ఎన్నన్నారమ్మా?"

"యాభై. ఇది షోరూంది, లెక్కలోకి రాదు. యాభై కార్లూ బయటే ఉన్నాయి. ఎవరి కాళ్లు ఎంతవరకు చీలాయో నాకు తెలీదు."

కింద రోడ్డు మీద మామూలుగా బళ్లు పోతున్నాయి. ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదికి వచ్చి ఫోను తీసి, కంట్రోల్ రూముకి కారు రకం చెప్పి, కనపడిన ప్రతి బండినీ ఆపించమన్నాడు. అవతలివాడు ఏ ఆర్డరు మీద అని అడిగాడు. ఇన్‌స్పెక్టర్ కాసేపు ఆలోచించి, "నా ఆర్డరు" అన్నాడు. అవతలివాడు పైవాళ్లని అడిగి చెప్తానన్నాడు. ఫోను పెట్టేశాక ఇన్‌స్పెక్టర్ అక్కడే కూలబడ్డాడు.

"ఆపరు గురువుగారూ. సాయంత్రానికి కంపెనీ లాయరు వస్తాడు. ఆర్డరు వెనక్కి పోతుంది."

"సాయంత్రం దాకా ఉంది కదా. ఆపగలిగినన్ని ఆపు. ఆ తాళంచెవి ఇలా ఇవ్వు."

ఇన్‌స్పెక్టర్ బేడీల తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు.

సామాన్ల గదిలో టార్కు కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. నిదానం గారు డ్రమ్ము దగ్గరికి జరుపుకుని, బేడీలు విప్పి పక్కన పెట్టారు. అతను చేతులు కదపలేదు.

"బోల్టులు ఊడలేదు బాబూ. నాలుగు గీతలూ నేనే చూశాను. కాలు విరిగింది, లోపలినుంచి. నీ చేతుల తప్పేం లేదు."

టార్కు అర్థం కానట్టు చూశాడు.

"ఇంకొకటి ఉంది. మాస్టారు నీకో మాట చెప్పారు. నీకు రేడియో లేదని ఆయనకి తెలీదు. అది వేరేవాళ్ల దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు నేను తెచ్చాను." ఆయన విన్నది విన్నట్టు, ఒక్క అక్షరం తగ్గకుండా చెప్పారు.

టార్కు కింద చూస్తూ విన్నాడు. పూర్తయ్యాక అడిగాడు: "నా పేరు పెట్టి అన్నారా సార్?"

"పేరు పెట్టే అన్నారు."

అతను తలూపాడు. మణికట్లు రుద్దుకున్నాడు. ఏడాదిగా అతను ఎదురుచూసిన మాట అది. వచ్చి ఎదురుగా కూర్చుంటే ఏం చేయాలో అతనికి తెలియలేదు.

"ఆ మాట కారు దిగి చెప్పినా సరిపోయేది కదా సార్" అన్నాడు చివరికి.